ఆరు రోజుల్లో ఐదు మ్యాచ్‌లు, ఎదుటివాళ్లకు ఒక్క పాయింటు కూడా లేదు: 1899 సువానీ జట్టు గురించి ఎవరైనా విన్నారా?

చాటనూగ_నాన్న
అందరికీ నమస్కారం. మేం టెనెసీలో చాటనూగలో ఉంటాం. నాష్‌విల్‌లో ఏదైనా పనిపడితే ఐ-24 మీద మాంటీగల్ కొండ ఎక్కి దిగాల్సిందే, ఇన్నేళ్లలో ఆ కొండ మీద పెట్రోలు కోసం తప్ప ఎప్పుడూ ఆగలేదు. పోయిన శనివారం మావాడు (హైస్కూల్ ఫుట్‌బాల్ టీమ్‌లో లైన్‌మన్, అంటే ముందు వరుసలో ఎదుటివాళ్లను ఢీకొనేవాడు) పట్టుబట్టి పక్కనే ఉన్న సువానీకి తీసుకెళ్లాడు. అడవి మధ్యలో రాతి భవనాల కాలేజీ, అసలు పేరు యూనివర్సిటీ ఆఫ్ ద సౌత్. 1857లో ఎపిస్కోపల్ చర్చి వాళ్లు మొదలుపెట్టారు. ఊరు ఎంత చిన్నదంటే పావుగంటలో చుట్టేసి వచ్చాం.

అక్కడి మైదానం పక్కన నిలబడి మావాడు చెప్పిన సంగతి విన్నాక రెండు రాత్రులు అదే చదువుతూ కూర్చున్నాను. 1899లో ఈ కాలేజీ జట్టు 12 మ్యాచ్‌లు ఆడి 12 గెలిచింది. మొత్తం 322 పాయింట్లు చేసి, ఇచ్చింది 10 మాత్రమే. వాటిలో ఐదు మ్యాచ్‌లు ఆరు రోజుల్లో ఆడారు, అది కూడా ఐదు వేరువేరు ఊళ్లలో, రైల్లో తిరుగుతూ. నవంబర్ 9 గురువారం ఆస్టిన్‌లో టెక్సస్ మీద 12-0, మర్నాడు హ్యూస్టన్‌లో టెక్సస్ ఏ అండ్ ఎం మీద 10-0, శనివారం న్యూ ఆర్లీన్స్‌లో టులేన్ మీద 23-0. ఆదివారం ఆట లేదు. సోమవారం బాటన్ రూజ్‌లో ఎల్‌ఎస్‌యూ మీద 34-0, మంగళవారం మెంఫిస్‌లో మిసిసిపీ యూనివర్సిటీ (ఓల్ మిస్) మీద 12-0. ఐదింట్లో ఎదుటివాళ్లకు ఒక్క పాయింటు కూడా రాలేదు.

ఆ ప్రయాణం మొత్తం సుమారు 2,500 మైళ్లు, అంటే 4,000 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రైల్లో వెళ్లి తిరిగొచ్చినా అంత దూరం రాదు. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఇంతకన్నా గొప్ప సీజన్ లేదని నాకు గట్టిగా అనిపిస్తోంది. మీరేమంటారు?

గోదారి_గట్టు
అన్నగారూ, నేను రాజమండ్రిలో ఉంటాను, నాకు తెలిసిన ఫుట్‌బాల్ కాలితో తన్నేది ఒక్కటే. 12-0 అంటే పన్నెండు గోల్సా? ఆ కాలంలో ఆట ఎలా ఉండేదో తెలియకపోతే మీరు చెప్పేదాని బరువు నాకు అందట్లేదు. తెలిసినవాళ్లు ఎవరైనా కొంచెం విడమరిచి చెప్పరా?

పాత_లెక్కలు
@గోదారి_గట్టు నేను చెప్తాను తమ్ముడూ, పాత సీజన్లు తిరగేయడం నాకు చాలా ఏళ్ల అలవాటు.

బంతిని చేతపట్టుకుని అవతలి జట్టు గీత దాటించడం టచ్‌డౌన్. ఇప్పుడు దానికి 6 పాయింట్లు, 1899లో 5. దాని తర్వాత కొట్టే కిక్కు గోల్‌లోంచి పోతే ఇంకొకటి. టచ్‌డౌన్ లేకుండా బంతిని నేరుగా గోల్‌లోంచి తన్నితే అది ఫీల్డ్ గోల్, దానికి అప్పట్లో టచ్‌డౌన్‌తో సమానంగా 5 ఇచ్చేవారు. కాబట్టి 12-0 అంటే మామూలుగా రెండు టచ్‌డౌన్లు, రెండు కిక్కులు. ఆ రోజుల్లో అది పెద్ద గెలుపే.

ఇప్పుడు నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు పోవాలి, అప్పుడు మూడు ప్రయత్నాల్లో 5 గజాలు పోతే చాలు. బంతిని ముందుకు విసరడం (ఫార్వర్డ్ పాస్) నిషేధం, అది 1906లోగానీ రాలేదు. దాంతో ప్రతి ఆటలోనూ పదకొండు మంది ఒకరినొకరు పట్టుకుని, గుంపుగా ఎదుటి గుంపు మీదికి తోసుకుంటూ పోవడమే. 35 నిమిషాల చొప్పున రెండు భాగాలు. ఒకసారి బయటికి వెళ్లిన ఆటగాడు మళ్లీ లోపలికి రాకూడదు, అందుకే దెబ్బ తగిలినా ఎవడూ బయటికి వచ్చేవాడు కాదు. దాడి చేసేది, అడ్డుకునేది అదే పదకొండు మంది. హెల్మెట్ తప్పనిసరి కాదు.

టూర్‌కి సువానీ తీసుకెళ్లింది 21 మంది ఆటగాళ్లనే. ఇప్పటి పెద్ద కాలేజీ జట్లలో వంద మందికి పైగా ఉంటారు.

వరంగల్_పీఈటీ
నేను స్కూల్ పిల్లలకు కబడ్డీ, ఖోఖో నేర్పిస్తాను. మండల స్థాయి టోర్నమెంట్లలో మా పిల్లలు ఒక్క రోజులో మూడు మ్యాచ్‌లు ఆడతారు, కానీ కబడ్డీ అంటే అంతా కలిపి నలభై నిమిషాలు. రోజుకు 70 నిమిషాల చొప్పున, ఒంటి మీద మనుషులు పడుతుంటే, రాత్రంతా రైల్లో పడుకుని పొద్దున మళ్లీ ఆడటం... ఒప్పుకుంటా, అది మామూలు సంగతి కాదు.

కానీ అన్నా, ఒక మాట అడగాలి. ఎదుటి జట్లు ఏ పాటివి? ఎల్‌ఎస్‌యూ, టెక్సస్ అంటే ఇప్పుడు మహా జట్లు, ఆ పేర్లు చూసి మనం ఇప్పటి కళ్లతో కొలుస్తున్నామేమో. అప్పటికి వాళ్లకు ఆట కొత్తదే కదా?

పాత_లెక్కలు
మంచి ప్రశ్న, దాటేయకూడదు. టెక్సస్, టులేన్, ఎల్‌ఎస్‌యూ, మిసిసిపీ నాలుగూ 1893లో మొదలుపెట్టాయి, ఏ అండ్ ఎం 1894లో. సువానీ 1891 నుంచి ఆడుతోంది, అంటే రెండు మూడేళ్లే ముందు. పైగా కోచ్ బిల్లీ సూటర్ ప్రిన్స్‌టన్‌లో ఆడి వచ్చినవాడు, అప్పట్లో ఈ ఆటలో ప్రిన్స్‌టన్, యేల్, హార్వర్డ్‌లే గురువులు. కాబట్టి సువానీకి నేర్పు ఎక్కువే. ఎల్‌ఎస్‌యూ మీద 34 కొట్టడం నన్ను అంతగా ఆశ్చర్యపరచదు.

కానీ సీజన్ మొత్తం చూడాలి. అక్టోబర్ 21న అట్లాంటాలో జార్జియా మీద 12-0, రెండు రోజుల తర్వాత అదే ఊళ్లో జార్జియా టెక్ మీద 32-0, ఆ వారాంతంలో టెనెసీ మీద 46-0. తర్వాత సౌత్‌వెస్టర్న్ ప్రెస్బిటీరియన్ మీద 54-0, అదయ్యాక ఈ టూర్. తిరిగొచ్చి కంబర్లండ్ మీద 71-0. చివర్లో ఆబర్న్ మీద 11-10, నార్త్ కరొలైనా మీద 5-0. చిన్న జట్ల మీద వచ్చిన 71, 54 పక్కన పెట్టేయండి, నేను వాటిని లెక్కలోకి తీసుకోను. మిగిలినవాటిలోనే జార్జియా, టెనెసీ, టెక్సస్, ఆబర్న్, నార్త్ కరొలైనా ఉన్నాయి. ఆ ఏడాది దక్షిణాదిలో గట్టి జట్లలో వాండర్‌బిల్ట్‌ని తప్ప పెద్దగా ఎవరినీ వదల్లేదు.

గోదారి_గట్టు
మరి వాండర్‌బిల్ట్‌తో ఎందుకు ఆడలేదు? నాష్‌విల్ పక్కనే కదా?

పాత_లెక్కలు
అక్కడే ఉంది అసలు కథ. టికెట్ డబ్బుల పంపకం దగ్గర రెండు కాలేజీలకూ గొడవొచ్చి ఆ ఏడాది మ్యాచ్ రద్దయింది. సువానీకి ఏడాది మొత్తంలో ఎక్కువ డబ్బు తెచ్చేది ఆ ఒక్క మ్యాచే. కొండ మీది చిన్న కాలేజీ, ఇంటి దగ్గర ఆడితే చూడటానికి వచ్చేదెవరు? ఆ లోటు పూడ్చడానికే జట్టు మేనేజర్ ఈ టూర్ వేశాడు. ఒకే ప్రయాణంలో ఎన్ని ఊళ్లు వీలైతే అన్ని ఊళ్లలో ఆడితే రైలు ఖర్చు తీసేసి ఎంతో కొంత మిగులుతుందని.

ఆ మేనేజర్ ల్యూక్ లీ అనే విద్యార్థి, వయసు ఇరవై. టైమ్‌టేబుళ్లు, ఉత్తరాలు, టెలిగ్రాంలు అన్నీ అతనే చూసుకున్నాడు. తర్వాత నాష్‌విల్‌లో టెనెసియన్ పత్రిక పెట్టాడు, 1911లో అమెరికా సెనేటర్ అయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో కల్నల్‌గా వెళ్లి, 1919 జనవరిలో కొంతమంది సైనికులను వెంటేసుకుని హాలండ్‌లో తలదాచుకున్న జర్మనీ కైజర్‌ని పట్టుకురావడానికి పోయాడు. పట్టుకోలేకపోయాడు, సైన్యం మందలించింది. ఆరు రోజుల్లో ఐదు మ్యాచ్‌లు పెట్టిన మనిషి ఎలాంటివాడో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ప్లానో_అమ్మ
నేను టెక్సస్‌లో ఉంటాను, మా చిన్నబ్బాయి మిడిల్ స్కూల్ జట్టులో ఆడుతున్నాడు. ఇక్కడ శుక్రవారం రాత్రి మ్యాచ్ అంటే ఊరు ఊరంతా స్టేడియంలోనే ఉంటుంది, ఆ ఉత్సాహం నాకూ ఇష్టమే. కానీ మీరందరూ దెబ్బ తగిలినా బయటికి రాలేదని మెచ్చుకుంటూ రాస్తుంటే నాకు కడుపులో దేవేసినట్టయింది. వాడు హెల్మెట్ పెట్టుకుని వెళ్తుంటేనే నాకు టెన్షన్. ఆ పిల్లలకు ఏమైందో ఎవరైనా రాస్తారా? గెలుపులు సరే.

చాటనూగ_నాన్న
@ప్లానో_అమ్మ మీరు అడిగింది నిజం అక్కా, మొదటి పోస్టులో నేను రాయాల్సింది. కెప్టెన్ హెన్రీ సైబెల్స్ (అందరూ డిడ్డీ అని పిలిచేవారు) తలకు ఆస్టిన్ మ్యాచ్‌లోనే పెద్ద గాయమైంది. కట్టు కట్టించుకుని ఆడాడు. ఫుల్ బ్యాక్ ఆర్మండ్ సిమ్‌కిన్స్ కిక్కులు కొట్టేవాడు, జట్టులో అందరికన్నా గట్టి మనిషి అనేవారు. ఆటలో మోకాళ్లకు తగిలిన దెబ్బలు అతన్ని బతికినంత కాలం వదల్లేదు, చివరికి కాళ్లు తీసేయాల్సి వచ్చింది. ఈ ముక్క చదివినప్పుడు మావాడికి చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. చెప్పాను.

ఇంకొకతను క్లెయిబోర్న్, ఒక కన్ను కనిపించేది కాదు, అయినా లైన్‌లో గార్డ్‌గా ఆడాడు. తర్వాత మతగురువై అదే కొండల్లోని పేదజనం మధ్య పనిచేశాడు.

బెజవాడ_ఫిజియో
వృత్తిరీత్యా ఒకటి చెప్పాలి. బాగా తీవ్రమైన ఆట ఆడాక కండరాల నొప్పి ఆ రోజు కాదు, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువవుతుంది. కండరాల్లో ఖర్చైన శక్తి మళ్లీ నిండటానికి, బాగా తిన్నా కూడా, దాదాపు ఒక రోజు పడుతుంది, దెబ్బతిన్న కండరానికి ఇంకా ఎక్కువ. అంటే గురువారం ఆడిన ఒళ్లు శనివారానికి అన్నిటికన్నా ఘోరమైన స్థితిలో ఉండాలి. వీళ్లు సరిగ్గా ఆ శనివారమే టులేన్‌తో 23-0 ఆడారు! నా లెక్క ప్రకారం ఐదింట్లో కష్టమైన మ్యాచ్ అదే, స్కోరు చూస్తే తెలియకపోవచ్చు. ఆదివారం సెలవు లేకపోతే మిగిలిన రెండూ ఎలా ఉండేవో ఊహించలేను.

సరైన తిండి, నీళ్లు, ఒళ్లు పట్టేవాళ్లు ఉన్నారా వాళ్లకు?

చాటనూగ_నాన్న
ఉన్నారు. నీళ్ల సంగతి మొదట చెప్తాను. ఊరూరా నీళ్లు మారితే జట్టంతా పడకేస్తుందని భయపడి సువానీ ఊట నీళ్లు రెండు పీపాలు రైల్లో వెంట తీసుకెళ్లారు. పడుకోవడానికి పుల్‌మన్ స్లీపర్ బోగీ. ఇంత ఏర్పాటు చేసి ఆట బూట్లు స్టేషన్లో మర్చిపోయారు! రైలు కదిలాక గుర్తొస్తే టెలిగ్రాం కొట్టి వెనక రైల్లో తెప్పించుకున్నారు.

ఒళ్లు పట్టినాయన పేరు కాల్ బరోస్, జట్టు ట్రైనర్, నల్లజాతి మనిషి. ఆరు రోజులూ రాత్రిళ్లు బోగీలో ఆ కుర్రాళ్ల కాళ్లూ భుజాలూ మర్దన చేసి పొద్దుటికి నిలబెట్టింది ఆయనే. అప్పట్లో ఆ కాలేజీలో నల్లవాళ్లకు సీటు లేదు. రైళ్లలో తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ వేరు బోగీలు పెట్టవచ్చని 1896లో సుప్రీంకోర్టు తీర్పిచ్చి మూడేళ్లు, ఈ జట్టు తిరిగింది కూడా సరిగ్గా ఆ రాష్ట్రాల్లోనే, ఆ తీర్పుకు కారణమైన కేసు లూసియానాదే. ఆటగాళ్ల పేర్లు పుస్తకాల నిండా ఉన్నాయి, బరోస్ గురించి రెండు వాక్యాలు దొరకడమే కష్టంగా ఉంది. ఫిజియోగారూ, మీ పోస్టు చదివాక నాకు ఆయనే ఈ కథలో పెద్ద మనిషిగా కనిపిస్తున్నాడు.

బెజవాడ_ఫిజియో
ఆ పేరు చెప్పినందుకు థాంక్సండి. 21 మంది, ఒక్క మనిషి చేతులు, ఆరు రాత్రులు. నేను రోజుకు పది మందికి చేస్తేనే సాయంత్రానికి వేళ్లు ముడుచుకోవు.

ఆబర్న్_పూర్వ_విద్యార్థి
నేను ఆబర్న్‌లో ఎంఎస్ చేశాను, ఈ చర్చలో మా కాలేజీ పేరు ఒక్క ముక్కలో పోయింది కాబట్టి మాట్లాడాల్సిందే. సువానీ ఇచ్చిన 10 పాయింట్లూ మావాళ్లు చేసినవే. పన్నెండు జట్లలో గీత దాటింది ఒక్క ఆబర్నే. నవంబర్ 30, థ్యాంక్స్‌గివింగ్ రోజు, మాంట్‌గోమరీలో. మా కోచ్ జాన్ హైస్మన్, ఇప్పుడు ఏటా ఉత్తమ ఆటగాడికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీ ఆయన పేరు మీదే. ఆ మ్యాచ్‌లో అంపైరింగ్ అన్యాయంగా ఉందని ఆయన పత్రికకెక్కి మరీ వాదించాడు. ఒక్క పాయింటు తేడా, దాని మీద అంత గొడవ. సువానీ ఆ రోజు నిజంగా గెలిచిందా అన్నది నా వరకు తేలని ప్రశ్నే.

పాత_లెక్కలు
హైస్మన్ ఫిర్యాదు నిజమే, కానీ ఓడిన కోచ్ అంపైర్ని తిట్టడాన్ని సాక్ష్యంగా తీసుకుంటే ఆ కాలంలో ఏ ఫలితమూ నిలబడదు తమ్ముడూ. రెండు జట్లూ ఒప్పుకుని పెట్టుకున్న అంపైర్లతోనే ఆడేవారు, ప్రతి రెండో మ్యాచ్‌కీ గొడవే. ఆబర్న్ బాగా ఆడిందనడంలో మాత్రం నాకు అనుమానం లేదు, ఎవరూ చేయనిది చేశారు.

చాటనూగ_నాన్న
ఆబర్న్ తమ్ముడు ఈ మ్యాచ్ ఎత్తాడు కాబట్టి రెండు రోజులుగా నా మనసులో ఉన్నది రాస్తాను, కొంచెం పొడుగవుతుంది.

అందరూ చెప్పేది ఆ ఆరు రోజులే. నేనూ అక్కణ్నుంచే మొదలుపెట్టాను. కానీ చదివే కొద్దీ నాకు ఆ చివరి మూడు రోజులు పెద్దవిగా అనిపిస్తున్నాయి. టూర్‌లో వీళ్లు వెళ్లిన చోటల్లా ఎదుటి జట్టు వీళ్లకన్నా తక్కువది, అలసట ఒక్కటే అసలు శత్రువు. నవంబర్ 30 వచ్చేసరికి అప్పటికే పది మ్యాచ్‌లు ఆడిన ఒళ్లు, అదే పదకొండు పదిహేను మంది, ఎదురుగా హైస్మన్ లాంటి బుర్ర. ఆ సీజన్‌లో మొదటిసారి ఎవరో వీళ్ల గీత దాటారు. ఎప్పుడూ పాయింటు ఇవ్వని జట్టుకు ఒక్కసారి ఇచ్చాక లోపల ఏదో విరిగిపోతుంది, మావాడి జట్టులో కళ్లారా చూశాను, తర్వాత పది నిమిషాల్లో ఇంకో మూడు ఇచ్చేస్తారు. వీళ్లు మాత్రం పదితో ఆపి ఒక్క పాయింటుతో బయటపడ్డారు.

అది గురువారం. శనివారం, అంటే డిసెంబర్ 2న, మళ్లీ అట్లాంటాలో నార్త్ కరొలైనాతో మ్యాచ్. కరొలైనావాళ్లు 1888 నుంచి ఆడుతున్నారు, సువానీ కన్నా పాతవాళ్లు. పీఈటీగారు అన్న 'కొత్త జట్లు' అనే మాట ఇక్కడ చెల్లదు. ఆ రోజు సువానీ ఒక్క టచ్‌డౌన్ కూడా చేయలేకపోయింది. రెక్స్ కిల్‌పాట్రిక్ కొట్టిన ఒకే ఒక్క కిక్కుతో వచ్చినవే ఆ 5 పాయింట్లు, మిగతా టైమంతా తమ గీత కాపాడుకున్నారు. టెక్సస్ మీద కొట్టిన 12 కన్నా ఈ 5 నాకు ఎక్కువ.

వరంగల్_పీఈటీ
ఇది ఒప్పుకుంటున్నా అన్నా. నేను అడిగిన ప్రశ్నకు సరైన జవాబు ఇదే, ముందు ఇచ్చిన లిస్టు కాదు. చివరి మ్యాచ్‌లో 5-0తో కాపాడుకోవడం ఎంత కష్టమో కబడ్డీ కోచ్‌గా నాకు తెలుసు, ఆఖరి రెండు నిమిషాల్లో ఒక్క పాయింటు ఆధిక్యం ఉన్నప్పుడు పిల్లల కాళ్లు వణుకుతాయి.

తర్వాత ఆ కాలేజీ ఏమైంది? ఇప్పుడు పేరే వినపడదు.

పాత_లెక్కలు
1932లో ఎస్‌ఈసీ (దక్షిణాది పెద్ద కాలేజీలు తమలో తాము ఆడుకునే కూటమి, సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్) ఏర్పడినప్పుడు సువానీ కూడా వ్యవస్థాపక సభ్యుల్లో ఒకటి, అలబామా, ఎల్‌ఎస్‌యూ, ఆబర్న్‌ల పక్కన. కానీ అప్పటికి రోజులు మారిపోయాయి. పెద్ద యూనివర్సిటీల దగ్గర విద్యార్థులు, డబ్బు, స్టేడియాలు. సువానీ ఆ కాన్ఫరెన్స్‌లో 37 మ్యాచ్‌లు ఆడి ఒక్కటీ గెలవలేదు, 1940లో బయటికి వచ్చేసింది. ఇప్పుడు మూడో డివిజన్‌లో, ఆట స్కాలర్‌షిప్పులు లేకుండా ఆడుతోంది. డిడ్డీ సైబెల్స్‌ని 1973లో కాలేజీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు.

@ప్లానో_అమ్మ మీ మాట మర్చిపోలేదమ్మా. ఆటలో కుర్రాళ్ల చావులు పెరిగి 1905లో ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ కాలేజీలవాళ్లను వైట్‌హౌస్‌కి పిలిపించాల్సి వచ్చింది. 1906లో ఫార్వర్డ్ పాస్, 10 గజాల నిబంధన వచ్చింది అందుకే, గుంపుగా తోసుకోవడం తగ్గించడానికి. మీవాడు పెట్టుకునే హెల్మెట్ తప్పనిసరి అయ్యేసరికి ఇంకో ముప్ఫై ఏళ్లు దాటింది.

ప్లానో_అమ్మ
థాంక్సండి. సిమ్‌కిన్స్ గురించి మావాడికి నేనూ చెప్తాను. ఆటలో దెబ్బ తగిలితే చెప్పకుండా దాచడం వాడికి అలవాటు, ఈసారి ఆ పేరు పెట్టి అడుగుతాను.

గోదారి_గట్టు
అన్నగారూ, మీ అబ్బాయి ఏమన్నాడు ఇదంతా చదివి?

చాటనూగ_నాన్న
వాడు చదవలేదు, నేనే కార్లో చదివి వినిపించాను. కాల్ బరోస్ దగ్గర ఆపి మళ్లీ చదవమన్నాడు. వాళ్ల టీమ్‌లో ట్రైనర్ ఒకావిడ ఉంది, చీలమండలకు టేపు చుట్టేది, మర్నాడు ప్రాక్టీసుకి వెళ్లేటప్పుడు ఆవిడకి మనింటి పులిహోర డబ్బా పట్టుకెళ్లాడు. నేను చెప్పలేదు. వెళ్లేముందు బూట్ల సంచి కూడా రెండుసార్లు తెరిచి చూసుకున్నాడు.

అక్టోబర్‌లో సువానీ వాళ్లు సొంత మైదానంలో ఆడేటప్పుడు మేం మళ్లీ వెళ్తున్నాం. చుట్టుపక్కల ఉన్నవాళ్లు ఎవరైనా వస్తానంటే మెసేజ్ పెట్టండి, భోజనం మా కారులోనే.

ఆబర్న్_పూర్వ_విద్యార్థి
నేను హంట్స్‌విల్‌లో ఉన్నానన్నా, గంటన్నర దూరం. వస్తాను. ఆబర్న్ చొక్కా వేసుకునే వస్తాను, ఆ పది పాయింట్ల గురించి మీవాడితో మాట్లాడాలి.